పదో నంబరు గొంతు

దేవరాజు తన నాలుగు హారన్లనూ అమ్మేసిన రోజున ఆళ్లగడ్డకు కాకులు తిరిగొచ్చాయి. అంతకు ముందు పదేళ్లూ అవి రుద్రవరంలో కాపురముండేవి. ఇది నేను కల్పించిన మాట కాదు. నమ్మకపోతే అప్పటి కాకులను అడగండి.

దేవరాజుది మైకుసెట్టు పని. పెళ్లికీ, చావుకూ, తిరునాళ్లకూ, పీర్ల పండక్కీ, మా చర్చిలో క్రిస్మసుకూ అదే ఆంప్లిఫయరు, అవే హారన్లు. ఎవరైనా వచ్చి "వినపడలేదప్పా" అంటే సౌండు పెంచేవాడు. "చెవులు పోతాండాయప్పా" అంటే ఆ మాట తనకు వినపడనట్టు ఉండేవాడు. అంతకు మించి ఆ వృత్తిలో నేర్చుకోవలసింది లేదని అతని నమ్మకం.

2005లో అతనికి కంప్యూటరు పిచ్చి పట్టింది. ఏదో పని మీద హైదరాబాదు పోయి, అక్కడ ఒకడు బనీనుతో కుర్చీలో కూర్చుని, గుప్పెడంత మౌసుతో పాటలను పైకీ కిందికీ జరపడం చూశాడట. చెట్టెక్కే పని లేదు, హారను మోసే పని లేదు. తిరిగొచ్చి హారన్లు అమ్మేసి, నంద్యాలలో ఒక పంక్చరు షాపు పైన గది తీసుకున్నాడు. బయటి శబ్దం లోపలికి రాకుండా గోడలకు పత్తివిత్తనాల గోనెసంచులు కొట్టాడు. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒక మైకు, ఒక హెడ్‌ఫోను. తలుపు మీద 'దీవెన రికార్డింగ్ స్టూడియో' అని రాయించాడు. దీవెన అతని భార్య. బోర్డు ఆరకముందే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది.

వెళ్లిపోయింది అనడం కన్నా తీసుకుపోయారనడం న్యాయం. తీసుకుపోయింది వాళ్లమ్మ సువార్తమ్మ. ఆమె ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మా చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఆమె సూదంటే భయపడి జ్వరం తగ్గించుకున్నవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

"హారన్లుంటే ఊరంతా తలకాయెత్తి చూస్తాది. మా అల్లుడు యాడ పని చేస్తాండాడో నలుగురికీ తెలుస్తాది. ఇప్పుడేమో తలుపులేసుకోని పెట్టె ముందర కూచుంటాండాడు. ఏం చేస్తాడమ్మా మీ అల్లుడు అంటే నేనేమని చెప్పుకోవాల?" అని ఆమె బాధ.

దీవెన నవ్వుతూనే వెళ్లింది. అమ్మ కోపం రెండు దినాల్లో తగ్గుతుందిలే అని మొగుడితో చెప్పి మరీ వెళ్లింది. కూతురికి తల్లి సంగతి అంతే తెలుసునన్నమాట. మూడు నెలలైంది. దేవరాజు నంద్యాలలో పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం ఉగ్గాని, సాయంత్రం మిగిలిన ఉగ్గాని తిని, పసుపు రంగుకు తిరిగాడు.

ఆ ఏడు మా చర్చి సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. సంఘంలోనే ఎవరెవరో రాసిన ఎనిమిది పాటలు కలిపి సీడీ తెద్దామని పాస్టరు ఆనందరావుగారు ప్రకటించారు. పని దేవరాజుకే ఇచ్చారు. అప్పుడు సువార్తమ్మ లేచి, సంఘమంతా వింటుండగా అల్లుడికి ఒక మాట ఇచ్చింది.

"ఆ సీడీలో నా గొంతు నా చెవులతో నేను వినాల. విన్న మరుదినమే దీవెనను బస్సెక్కిస్తా. వినపడల్యా, నువ్వు మళ్లీ హారన్లు కొనుక్కోవాల్సిందే."

చర్చిలో ఆమె ఆ మాట అంటుంటే నాకు దేవరాజు మీద జాలేసింది. ఆమె గొంతు ఎలాంటిదో తెలియని వాళ్లకు చెప్పాలి. ఒక ఏడు సంఘమంతా కలిసి బెలుం గుహలకు వెళ్లాం. లోపల దిగి అందరం ఒక కీర్తన ఎత్తుకున్నాం. మా గొంతుల ప్రతిధ్వనులు వెంటనే బుద్ధిగా తిరిగొచ్చాయి. సువార్తమ్మ గొంతు మాత్రం రాలేదు. అది లోపల ఎక్కడో సందులు పట్టుకుని పోయి, ఇవాళ్టికీ బయటికి దారి వెతుక్కుంటోంది. గైడు చెప్పాడు, రెండేళ్ల తర్వాత కూడా వానాకాలంలో ఒక మూల నుంచి సన్నగా 'హల్లెలూయ' వినిపించేదట.

ఆమె పక్కన నిలబడేది చెన్నమ్మ. ఈమె బడిలో ఆయా. పొలం గట్టు మీద ఒంటరిగా పాడుకుంటుంటే ఎద్దులు నెమరు వేయడం ఆపి విన్నాయని చెబుతారు. అది మాత్రం నిజం, ఆ ఎద్దులు మావే. మా చర్చిలో ఎప్పుడూ ఒకే పేచీ: పాట ఎవరు ఎత్తాలి? పాట ఎత్తే హక్కు పెద్ద గౌరవం. చెన్నమ్మ ఎత్తితే అందరికీ అందే శ్రుతిలో ఉంటుంది. కాని చెన్నమ్మ నోరు తెరిచేలోపల సువార్తమ్మ ఎత్తేసేది. ఆ ఎత్తుకు మేమంతా నిచ్చెనలు వేసుకుని ఎక్కవలసి వచ్చేది. ఇలా నలభై ఏళ్లు.

ఇక నా పాత్ర. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు అక్షరం కనపడితే చాలు, జనం నా దగ్గరికి తెస్తారు. మందు సీసాలు తెచ్చారు, ఎరువుల సంచులు తెచ్చారు, ఒకాయన తన బనీను మీద ఏం రాసుందో చదవమని బనీను విప్పి తెచ్చాడు. దేవరాజు కంప్యూటరును తేలేడు కాబట్టి నన్నే నంద్యాల తీసుకుపోయాడు.

తెర మీద పద్నాలుగు నిలువు పట్టీలు, చివర్న ఒక పెద్దది, పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

"ఈ పట్టీలేంది సారూ?"

"ఒక్కో గొంతుకు ఒక్కో పట్టీ, కీబోర్డుకూ డోలకుకూ చెరొకటి. చానల్ అంటారు. ఇదిగో, పైకీ కిందికీ జరిగే ఈ మీట ఉందే, ఇది మన కె.సి. కాలువ తూము షట్టరు అనుకో. పైకెత్తితే గొంతు పారుతుంది, కిందికి దించితే ఆగుతుంది."

"అన్నీ ఎత్తేస్తే?"

"అందరూ షట్టర్లు ఎత్తితే ఏమవుతుంది? కింద ఊళ్లు మునుగుతాయి. చివర్న ఉన్న ఈ పెద్ద పట్టీలోకి అన్నీ వచ్చి కలుస్తాయి. అందులో ఎర్రదీపం వెలిగిందంటే గండి పడిందని."

కంప్యూటరుతో వచ్చిన నమూనా పాట ఒకటి పెట్టి అతను అన్నీ ఎత్తి చూశాడు. గండి పడింది. కింద పంక్చరు షాపువాడు గాలి కొట్టడం ఆపి పైకొచ్చి, "ఏమన్నా పేలిందా అన్నా?" అని అడిగాడు.

"ఈ ఎం అక్షరం?"

"నొక్కితే ఆ గొంతు మూగబోతుంది. ఈ ఎస్ నొక్కితే ఆ ఒక్క గొంతే వినపడుతుంది, మిగతావాళ్లు నోరు మూసుకుంటారు."

"ఈ ఎం మా ఇంట్లో పెట్టించుకోవాల సారూ, మా అత్తకు," అని నిట్టూర్చాడు. "మరి ఈ గుండ్రంది?"

"ఎవరిని ఏ పక్క కూర్చోబెట్టాలో అది చెబుతుంది. ఎడమకు తిప్పితే ఎడమ స్పీకర్లో, కుడికి తిప్పితే కుడి స్పీకర్లో. మధ్యలో ఉంటే రెండింట్లో."

కొంచెమే తిప్పాలి, పూర్తిగా తిప్పకూడదు అని కూడా నేను చెప్పి ఉండవచ్చు. కాని అప్పుడే వీధిలోంచి తలకాయ కూర వాసన వచ్చింది. నేను పాఠం అక్కడితో ఆపాను.

రికార్డింగు వారం రోజులు నడిచింది. ఉన్నది ఒకే మైకు కాబట్టి ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, కీబోర్డూ డోలకూ వింటూ పాడి రావాలి. మగవాళ్లం అయిదుగురం, ఒకటి నుంచి అయిదు నంబర్లు. ఆడవాళ్లు ఏడుగురు, ఆరు నుంచి పన్నెండు. చెన్నమ్మది తొమ్మిది, సువార్తమ్మది పది. గుంపులో పాడిన ధైర్యమంతా ఆ గోనెసంచుల మధ్య కరిగిపోయేది. నేను కూడా ఒక పాట మొదలుపెట్టి వేరే పాటతో ముగించాను. సువార్తమ్మ ఒక్కతే ఏ బెదురూ లేకుండా పాడింది. ఆమె పాడినప్పుడు సంచుల్లో మిగిలిన పత్తివిత్తనాలు కొన్ని మొలకెత్తాయి. బయటికొచ్చి, "బాగా పెంచి పెట్టప్పా" అని చెప్పి బస్సెక్కింది.

యాభై ఏళ్ల పండుగ ఆదివారం వచ్చింది. చర్చి నిండిపోయింది. దేవరాజు చేతిలో ఒకే సీడీ. అందరూ విని బాగుందంటే తర్వాత కాపీలు తీయాలని పాస్టరుగారి మాట. దేవరాజు సీడీ ప్లేయరును చర్చి ఆంప్లిఫయరుకు తగిలించాడు. దీవెన ఆడవాళ్ల వైపు మూడో వరసలో తల్లి వెనక కూర్చుని ఉంది. ఆమెను చూసి దేవరాజు ఒకసారి చొక్కా సర్దుకున్నాడు.

పాట మొదలైంది. కీబోర్డు మోగింది, డోలకు మోగింది, మగవాళ్లు పాడారు. అబ్బ, ఏం పాడాం! జీవితంలో మొదటిసారి నా గొంతు నాకు వినపడింది. మా ఆవిడ అటు వరస నుంచి నా వైపు తిరిగి, దున్నపోతులా తల ఊపి చూపించింది. ఆ తర్వాత చరణం ఆడవాళ్లది. డోలకు 'దబదబ దబదబ' అంది. అంతే. చరణమంతా డోలకు. మళ్లీ పల్లవిలో మగవాళ్లు. మళ్లీ చరణం, మళ్లీ దబదబ.

దేవరాజు ముఖం తెల్లబోయింది. మైకుసెట్టువాడికి తెలిసిన మందు ఒకటే. సౌండు పెంచాడు. నేను ఇంకా గట్టిగా వినపడ్డాను.

సువార్తమ్మ లేచి నిలబడింది. "పాస్టరుగారూ, మేము పాడేటప్పుడు మాత్రం కరెంటు పోయిందా?"

"అమ్మా, ఏదో పొరబాటు..."

"పొరబాటు గాదు. ఏడుమంది ఆడోళ్లం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సుల్లో నిలబడిపోయి పాడొచ్చినాం. ఒక్కరి గొంతన్నా వినపడిందా? నా అల్లుడు నా ఒక్కదాని గొంతు తీసేస్తే బాగుండదని అందరివీ తీసేసినాడు. రావే దీవెనా!"

దీవెన వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. ఈసారి నవ్వలేదు. అది దేవరాజుకు ఆంప్లిఫయరు షాకు కన్నా గట్టిగా తగిలింది.

మరుసటి రోజు దేవరాజూ నేనూ స్టూడియోలో కూర్చున్నాం. అక్కడ వింటే ఆడవాళ్లు నిక్షేపంగా వినపడుతున్నారు. నేను తెర మీది గుండ్రటి మీటలను చూశాను. ఒకటి నుంచి అయిదు దాకా పూర్తిగా కుడికి. ఆరు నుంచి పన్నెండు దాకా పూర్తిగా ఎడమకు.

"దేవరాజూ, ఇట్లా ఎందుకు తిప్పావు?"

"మీరే గద సారూ, ఎవుర్ని ఏ పక్క కూచోబెట్టాలో ఇది చెప్తాదంటిరి. చర్చిలో ఎట్ల కూచుంటారో అట్లే పెట్టినా. మగోళ్లు కుడిపక్క, ఆడోళ్లు ఎడమపక్క. కీబోర్డూ డోలకూ నడిమిన, పాస్టరుగారి దగ్గర. ఆడామగా కలిపి కూచోబెడితే సంఘం ఊరుకుంటాదా?"

"సరే. ప్లేయరు నుంచి రెండు వైర్లు వస్తాయి గదా, ఎర్రదీ తెల్లదీ?"

"ఎర్రది పెట్టినా. ఆంప్లిఫయరుకు ఉండేది ఒకటే రంధ్రం. పదేండ్లు ఒక్క వైరుతో బతికినోణ్ణి, రెండోది ఏంటికో అనుకుంటి."

ఎర్రది కుడి వైపుది. ఏడుగురు ఆడవాళ్లూ ఆ తెల్లవైరు కొసన గాల్లో వేలాడుతూ పాడారన్నమాట. తలకాయ కూర సంగతి నేను అతనికి ఇప్పటిదాకా చెప్పలేదు.

అందరినీ నడిమికి దగ్గరగా జరిపాం. ఆడామగా కలిసి కూర్చున్నారు, ఆకాశమేమీ కూలలేదు. పాట ముద్దగా, నిండుగా వచ్చింది. కాని ఇప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఎడమ చివర్న ఉన్నప్పుడు అంతగా తెలియని పదో నంబరు, అందరి మధ్యకు రాగానే చెప్పులో మేకులా పొడుచుకొచ్చింది. పదిని దించితే పాట తేనె. పదిని ఎత్తితే కింద పంక్చరు షాపులో ట్యూబులు వాటంతటవే గాలి వదులుతున్నాయి.

దేవరాజు తల పట్టుకున్నాడు. "దించితే పెండ్లాం రాదు, దించకుంటే పాట రాదు. నేనేం చేయాల సారూ?"

"ఆమెనే పిలిచి కూర్చోబెట్టు. తన గొంతు తానే ఎత్తుకోనీ, దించుకోనీ," అన్నాను. పెద్దవాణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి.

బుధవారం సువార్తమ్మ వచ్చింది. ఒంటరిగా రాలేదు, చెన్నమ్మను సాక్షిగా తెచ్చుకుంది. ఎవరి గొంతు ఎవరి కన్నా పైన ఉందో చెన్నమ్మ తన కళ్లతో చూడాలట. ఇద్దరూ స్పీకర్ల ముందు కూర్చున్నారు. నేను మూలన ఉన్నాను.

"ఒక్కొక్కటే వినిపిస్తా అత్తా," అన్నాడు దేవరాజు. అత్త వైపే చూస్తూ, తొమ్మిది నొక్కబోయి పది మీద ఎస్ నొక్కాడు.

పదో నంబరు ఒంటరిగా గదిలోకి వచ్చింది.

సువార్తమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "ఏందప్పా ఇది! ఎవుర్ని చంపుతాండావ్?"

దేవరాజు నా వైపు చూశాడు. నేను గోనెసంచి మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాను.

"అడుగుతాండా గదా, ఎవురిదీ గొంతు?"

పంక్చరు షాపులో ఎవరో టైరును సుత్తితో కొడుతున్నారు. అప్పుడు చెన్నమ్మ కొంగు సర్దుకుని నెమ్మదిగా అంది:

"నాదే అక్కా. ఆ దినం జలుబు చేసుండె."

"జలుబు గాదు చెన్నమ్మా, నీది మొదట్నించీ ఇంతే. నలభై ఏండ్లుగా నేను చెప్తానే ఉండా. నువ్వు కోపం తెచ్చుకోవద్దు. నర్సును, రోగం దాచిపెట్టి మాట్లాడేది నాకు చేతగాదు. దేవరాజూ, దాన్ని తీసెయ్. సంఘం పరువు పోతాది."

దేవరాజు చెన్నమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను పది మీద ఎం నొక్కాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. తర్వాత తొమ్మిది మీద ఎస్ నొక్కాడు.

గదిలో గోనెసంచుల వాసన కూడా పోయినట్టనిపించింది. సువార్తమ్మ కళ్లు మూసుకుంది. చరణం అయ్యేదాకా కదల్లేదు.

"ఇదీ?"

"నీది గాక ఇంకెవురిదక్కా," అంది చెన్నమ్మ.

సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది. "నా గొంతు ఇట్లుంటాదని ఇన్నేండ్లూ నాకు ఒక్కరన్నా చెప్పలేదు సూడు," అంది. మళ్లీ పెట్టించుకుంది. తొమ్మిదిసార్లు విన్నది. లేచేటప్పుడు అల్లుడి తల మీద చెయ్యి పెట్టి, "రేపు పొద్దున బస్సుకు దీవెనను పంపిస్తా. నీ పెట్టె మంచిదే," అంది.

మెట్లు దిగుతుంటే నేను చెన్నమ్మను వెనక్కి లాగి అడిగాను. "ఎందుకమ్మా అట్లా చెప్పావు? దీవెన కాపురం కోసమా?"

"అదీ ఉండాది సారూ. ఇంకోటి గూడా ఉండాది. నలభై ఏండ్లు ఆ యమ్మ పక్కన నిలబడి పాడినా. ఆ యమ్మ గొంతు లేని పాట ఒక్కసారన్నా వినాలని ఆశ. పేరు ఎవురిదైతే ఏంది?"

మరుసటి రోజు జరిగినప్పుడు నేను అక్కడ లేను. దేవరాజు చెప్పాడు. కాబట్టి సగం అతనిది, సగం నాది.

దీవెన ట్రంకు పెట్టెతో మెట్లెక్కింది. వచ్చీ రాగానే, "మా అమ్మ నిన్నట్నించీ నిద్ర పోనీల్యా. నా గొంతు తేనె, నా గొంతు తేనె అంటాది. ఏం మందు పెట్టినావ్? వినిపీ," అంది.

దేవరాజు వినిపించాడు. ఆమె ఒక చరణం విన్నది.

"చెన్నమ్మ పిన్నమ్మ బాగా పాడింది. మా అమ్మ యాడ?"

దేవరాజు వేలితో పదో నంబరు మీది ఎర్రదీపాన్ని చూపించాడు. జరిగిందంతా చెప్పాడు. దీవెన స్టూలు మీద నుంచి కింద పడి నవ్వింది. పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. పంక్చరు షాపువాడు మళ్లీ పైకొచ్చి చూసిపోయాడు. తర్వాత లేచి, కళ్లు తుడుచుకుని, పాట మళ్లీ పెట్టమంది. ఈసారి నవ్వలేదు.

"బాగుంది గానీ, మా చర్చి మాదిరి లేదు," అంది. "నాకు చిన్నప్పుడు జరమొస్తే అమ్మ పక్కన కూచోని పాడతాండె. ఆ పాటకు భయపడే జరం పోతాండె. ఆ యమ్మను ఒక్కదాన్నే బయట నిలబెట్టి మనం లోపల పండుగ చేసుకుంటే ఎట్ల?"

మౌసు తీసుకుని పది మీద ఎం తీసేసింది. మీటను అడుగంటా దించి, అక్కడి నుంచి వెంట్రుకవాసి, వెంట్రుకవాసి పైకి జరిపింది. గొంతు పారుతోందని చెప్పే పచ్చదీపం ఒక్కటి రెప్పలార్పినంత వెలగగానే ఆపింది.

"మీ అమ్మ కనిపెడితే?" అన్నాడు దేవరాజు.

"కనిపెట్టదు. నా మాట విను."

తర్వాతి ఆదివారం రెండు వైర్లూ ఒక్కటయ్యే కొత్త పిన్నుతో సీడీ పెట్టారు. పండుగ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నట్టయింది. ఆడవాళ్ల చరణం రాగానే అందరూ సువార్తమ్మ వైపు తిరిగారు, ఆమె ముందే అందరికీ చెప్పి ఉంచింది కాబట్టి. ఆమె వినయంగా తల దించుకుంది. పక్కన చెన్నమ్మ కళ్లు మూసుకుని వింటోంది. దీవెన ఈసారి మొగుడి పక్కనే, ఆంప్లిఫయరు దగ్గర నిలబడింది.

నాలుగో పాట నడుస్తుండగా సువార్తమ్మ నుదురు ముడిచింది. మెడ చాచి, చెవి ఒగ్గి విన్నది. లేచి కూతురి దగ్గరికి వచ్చింది.

"అంతా బాగుంది గానీ దీవెనా, వెనక యాడో సన్నగా కీచుమంటాండాది. చెన్నమ్మను పూర్తిగా తీసెయ్యల్యా మీ ఆయన?"

దేవరాజు చెయ్యి ఆంప్లిఫయరు మీటను వెతుక్కుంది. దీవెన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీలేమ్మా," అంది. "పెద్దామె. ఎంతో ఆశగా పాడింది."

సువార్తమ్మ ఒక క్షణం ఆలోచించింది. తర్వాత చెన్నమ్మ వైపు జాలిగా చూసి, "సరే, ఉండనీ. మనమే సర్దుకుపోవాల," అంటూ వెళ్లి కూర్చుంది.